అలిపిరి మెట్ల ఫొటో, దాని కింద రాతలు

పది రోజులుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతోంది. రెండు కాళ్ళూ లేనాయన అలిపిరి మెట్లు చేతుల మీద ఎక్కుతున్నాడు. కింద ఇలా రాసుంది: "ఒక్కసారి ఆయన చోట మిమ్మల్ని ఊహించుకోండి. ఆ బతుకు రోజూ చావే. డాక్టర్లను అడిగినా ఇదే చెబుతారు. పైకి నవ్వినా అది నటనే. ఇంటిల్లిపాదికీ భారం. ఆయనే మెట్లెక్కుతుంటే, అన్నీ బాగున్న మీరు ఏడుస్తారా?" ముందు మా చిన్నమామ పెట్టాడు. తర్వాత వీధి గ్రూపులో, ఆ తర్వాత మా పాప క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో వచ్చింది. మూడోచోట కూడా చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

నా సంగతి ముందే చెప్పేస్తా. పదమూడేళ్ళ కిందట చంద్రగిరి దగ్గర బైకు మీంచి పడ్డాను. వెన్నుపాము దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. తిరుపతిలో జిరాక్సు, డీటీపీ అంగడి పెట్టుకున్నాను. కాబట్టి ఈ తగాదాలో నేను పెద్దమనిషిని కాను, కక్షిదారుణ్ణే.

"ఊహించుకోండి" అన్నచోటే తప్పు మొదలైంది. ఊహించుకునేవాళ్ళకు కనబడేది పడిన రోజు ఒక్కటే. ఆ రోజు నేనూ చచ్చిపోతే బాగుండు అనుకున్నా. ఆ తర్వాత ఏడాది పాటు అనుకుంటూనే ఉన్నా, దాచేదేం లేదు. కానీ ఎవరి చెయ్యీ పట్టకుండా మంచం మీంచి కుర్చీలోకి మారిన రోజు ఒకటుంది, అది మీ ఊహలోకి రాదు. ఇరవై నిమిషాలకోసారి చేతులు ఆనించి ఒళ్ళు పైకెత్తకపోతే కింద పుండు పడుతుందనీ, కొన్నాళ్ళకు ఆ ఎత్తడం రెప్పవేసినంత అలవాటవుతుందనీ తెలియదు. అంగడి కట్టేశాక పక్కంగడాయనతో క్రికెట్ మీద గొంతు చించుకునే రాత్రులు కూడా అందులో ఉండవు. కళ్ళకు గంతలు కట్టి పది నిమిషాలు నడిపించి, "అంధుల కష్టం తెలిసొచ్చిందా?" అని పిల్లల్ని అడిగే కార్యక్రమాలు మీరూ చూసుంటారు. ఆ పిల్లలకు తెలిసింది చూపు పోయిన మొదటి పది నిమిషాలు, అంతే. 2015లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, అలా గంతలు కట్టుకుని చూసినవాళ్ళు అంధుల సామర్థ్యాన్ని ఇంకా తక్కువగా అంచనా వేశారు. జాలి పెరిగి ఉండొచ్చు, నమ్మకం మాత్రం తగ్గింది.

ఇక డాక్టర్ల మాట. వాళ్ళను నిజంగానే అడిగారు. 1994లో అమెరికాలో ఎమర్జెన్సీ వైద్యంలో పనిచేసే 233 మందిని, "వెన్నుపాము బాగా దెబ్బతింటే బతికున్నందుకు మీరు సంతోషిస్తారా?" అని అడిగితే 18 శాతమే అవునన్నారు. నిజంగా ఆ దెబ్బ తిని బతుకుతున్నవాళ్ళలో ఆ మాట అన్నది 92 శాతం. 2021లో అచ్చయిన మరో సర్వేలో 714 మంది అమెరికా డాక్టర్లలో 82.4 శాతం, వైకల్యం ఎక్కువగా ఉన్నవాళ్ళ జీవితం మిగతావాళ్ళ కంటే అధ్వాన్నమనే చెప్పారు. వాళ్ళను తప్పుపట్టలేను. నేను డాక్టరు కంటబడేది మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికేటప్పుడే. అంగట్లో పెళ్ళిపత్రిక డిజైను చేస్తూ కూనిరాగం తీసే నన్ను ఆయనెప్పుడు చూశాడు గనక? కాకపోతే ఎవరికి వెంటిలేటర్ పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చే ఘడియలో ఆ అంచనాయే తలలో మెదిలితే మాకు ప్రమాదం.

మరి నవ్వు నటనా? 1999లో ఇద్దరు పరిశోధకులు, ఓ మాదిరి నుంచి తీవ్రమైన వైకల్యం దాకా ఉన్న 153 మందితో మాట్లాడారు. బతుకు బాగుంది, చాలా బాగుంది అన్నవాళ్ళు 54.3 శాతం. ఒళ్ళంతా చచ్చుబడి కళ్ళతో మాత్రమే సైగ చేయగలిగే స్థితి ఒకటుంది. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో అలాంటి 65 మందిలో 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఒక్కో అక్షరానికీ కన్నార్పి మాట చెప్పాల్సినవాడు నటించడానికి కూడా అంత శ్రమ పడతాడంటే నేను నమ్మలేను.

అలాగని మా తరఫున అబద్ధం ఆడను. దెబ్బతిన్నవాళ్ళు చివరికి లాటరీ తగిలినవాళ్ళతో సమానంగా సంతోషపడతారని 1978 నాటి ఒక అధ్యయనం పేరు చెప్పి ఊదరగొడుతుంటారు. అందులో ఉన్న లెక్క అది కాదు. 5కి లాటరీవాళ్ళకు 4.00, మామూలువాళ్ళకు 3.82, ప్రమాదంలో పక్షవాతం వచ్చినవాళ్ళకు 2.96. తేడా ఉంది. స్పర్శ లేకపోయినా కాళ్ళల్లో మంటలు రేగే రాత్రి నా సంతోషం గురించి ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. తగ్గిందనడం వేరు, రోజూ చావే అనడం వేరు.

"ఇంటిల్లిపాదికీ భారం" అన్నది మా ఆవిడకు చదివి వినిపించా. "ఇంటి బాడుగ కట్టేది ఎవురంట? బారమని నేనేమన్నా జెప్పినానా వాళ్ళకి?" అంది. ఆమె నడుంనొప్పి మాత్రం నిజం. మొదటి మూడేళ్ళు నన్ను ఎత్తి దించింది ఆమే. అయితే ఆ బరువు ఎక్కడ తగ్గిందో కూడా చూడాలి కదా. స్నానాలగది తలుపు వెడల్పు చేయించాక తగ్గింది, గడప తీయించాక తగ్గింది. 2024 జూలైలో వికలాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 5 వేల నుంచి 15 వేలకు పెరిగాక ఇంకొంచెం తగ్గింది. నా కాళ్ళు మాత్రం అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

ఇంటి బయట సంగతి వేరు. ఒకసారి ఒక ఆఫీసుకు వెళ్ళాను. రెండడుగుల ఎత్తుకు ఐదడుగుల ర్యాంపు కట్టారు. ర్యాంపుకు లెక్కుంది: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. అంటే అక్కడ ఇరవై నాలుగడుగులు ఉండాలి. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. చూసినవాళ్ళు "పాపం" అన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నియమాలు వచ్చిన అయిదేళ్ళలోపు ప్రజలు వాడే పాత భవనాలను కూడా అందరూ వెళ్ళగలిగేలా మార్చాలంది. నియమాలు 2017లోనే వచ్చాయి. ఆ పాపం ఎవరిదో ఆ లెక్కలోనే ఉంది.

ఇక ఆ ఫొటోలోని మనిషి. మనం ఏడుపు మానడానికి ఆయన మెట్లెక్కలేదు. మొక్కుంది, తీర్చుకుంటున్నాడు. మూడువేల అయిదొందల యాభై మెట్లెక్కే మిగతా జనమంతా ఎందుకెక్కుతున్నారో ఆయనా అందుకే. పక్కన మోకాళ్ళ మీద ఎక్కే ఆడవాళ్ళను ఫొటో తీసి "మీరు ఏడుస్తారా?" అని ఎవరూ రాయలేదు. మా ఆవిడ మెట్లెక్కిన రోజు నేను కింద పాదాల మండపం దగ్గర ఆమెకోసం కూర్చుంటే, ఎవరో పెద్దాయన దణ్ణం పెట్టి నా ఒళ్ళో ఇరవై రూపాయలు వేసి పోయాడు. పిలిచినా వినలేదు. మా పాప దాంతో బొరుగులు కొనుక్కుంది.

చిన్నమామకు ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టా. "నిన్ను గాదులే అల్లుడూ" అని జవాబిచ్చాడు. వచ్చే నెల ఆయన కొత్తింటికి గృహప్రవేశం. గుమ్మం ముందు అర్ధడుగు మెట్లు మూడున్నాయి. పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలని కొలత రాసి పంపించాను. ఇంకా నీలం టిక్కులు పడలేదు.