సవరణ: ఆంటీటమ్ స్టీరియో చిత్రాల గురించి

అమెరికా అంతర్యుద్ధం గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఆంటీటమ్ రణభూమిలో మృతుల స్టీరియో చిత్రాలను (ప్రత్యేక పరికరంలో చూస్తే లోతు కనిపించే జంట ఫొటోలను) ఫొటోగ్రాఫర్ మాథ్యూ బ్రాడీ స్వయంగా తీశాడనీ, అందుకు ఒకే కటకం ఉన్న కెమెరాను పక్కకు జరిపి రెండుసార్లు తీసేవారనీ పేర్కొన్నాను. ఈ రెండు మాటలూ తప్పు.

1862 సెప్టెంబరు 17 నాటి ఆ పోరు ముగిసిన కొద్ది రోజుల్లోనే అక్కడ చిత్రాలు తీసినవారు, బ్రాడీ కోసం పనిచేస్తున్న అలెగ్జాండర్ గార్డ్‌నర్, అతనికి తోడుగా వెళ్లిన జేమ్స్ గిబ్సన్. అక్టోబరులో వాటిని న్యూయార్క్‌లోని బ్రాడీ గ్యాలరీలో ప్రదర్శించడంతో పేరు యజమానికి దక్కింది. శవాల నడుమ నిలబడి పనిచేసినవారిని నేను కూడా విస్మరించడం నన్ను నిజంగా బాధిస్తోంది.

ఇక పద్ధతి విషయానికి వస్తే, పక్కపక్కనే రెండు కటకాలున్న కెమెరాతో, తడి కొలోడియన్ (కాంతికి స్పందించేలా సిద్ధం చేసిన జిగట ద్రావణం) పూసిన ఒకే గాజుపలకపై రెండు బొమ్మలనూ ఏకకాలంలో పట్టేవారు. పూత ఆరిపోకముందే పలకను అక్కడికక్కడే చీకటిలో కడగవలసి వచ్చేది. ముద్రించిన తరువాత ఎడమ, కుడి బొమ్మలను పరస్పరం స్థానం మార్చి అట్టపై అతికించాలి. లేకపోతే లోతు తిరగబడి, దగ్గరున్న దేహం దూరంగానూ, వెనుకనున్న కంచె ముందుకు వచ్చినట్టుగానూ కనిపిస్తుంది.