వట్టి నెట్టా? మర్యాద కాదండీ

పోయిన ఏడాది ఆఖర్లో మా ఊరి కేబుల్ ఆఫీసుకెళ్లి నేనో తప్పుమాట అన్నాను. టీవీ తీసేయండి, నెట్ ఒక్కటి ఉంచండి అన్నాను.

ఆఫీసంటే మరీ ఊహించుకోకండి. కాలవ గట్టు మీద ఒక గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, కంప్యూటరు మీద ఎండిపోయిన నిమ్మకాయ, గోడకి చేరేసి పాడైపోయిన సెట్‌టాప్ బాక్సుల గుట్ట. బల్ల వెనకాల కుర్రాడు ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీ. ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు. అలాంటివాడు నా మాట విని, ఇంట్లో అంతా కులాసాయేనా అన్నట్టు మొహం పెట్టాడు.

"టీవీ వద్దాండీ మాస్టారూ?"

"వద్దురా."

"అమ్మగారి సీరియల్సో మరి?"

"ఆవిడా ఫోన్లోనే చూస్తోంది."

"క్రికెట్టో?"

"అదీ ఫోన్లోనే."

కాసేపు మౌస్ అటూ ఇటూ తిప్పాడు. "ఆయ్, తీసేయొచ్చండి. కాపోతే బిల్లు పెరుగుద్దండి" అన్నాడు.

విషయం ఏమిటంటే, నెట్టూ టీవీ కలిపి తీసుకుంటే నెలకి 699. నెట్ ఒక్కటే అయితే 799. స్పీడు అదే, వైరు అదే, మోడెం అదే. మీద 18 శాతం జీఎస్టీ. అంటే 824 రూపాయల 82 పైసల్లోంచి టీవీని తీసేస్తే 942 రూపాయల 82 పైసలు మిగులుతున్నాయి. నేను ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి ఇందులో తప్పేం లేదని వెంటనే తెలిసిపోయింది. రుణ సంఖ్యని తీసివేస్తే మొత్తం పెరుగుతుంది, ఏడో తరగతి పాఠమే. కాబట్టి వాళ్ల టీవీ విలువ సరిగ్గా మైనస్ 118 రూపాయలు. సాయంత్రం పూట ఆ న్యూస్ చానళ్లలో నలుగురు కూర్చుని అరుచుకోవడం చూసినవాళ్లెవరూ ఈ లెక్కని కాదనరు. మూడో బెంచీలో కూర్చుని నా తీసివేతలకి నిద్రపోయినవాడే ఈ లెక్కని నా మీదకి తిప్పికొట్టాడు, గురువుకి ఇంకేం కావాలి.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "ఒక్కటే కావాలని అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది, మీకు మర్యాద తెలీదు" అంది. ఆలోచిస్తే నిజమే. మాది గోదావరి జిల్లా. ఇక్కడ ఒక్కటి అడగడం అవతలివాణ్ణి అవమానించడమే. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన ఫొటో దేశమంతా తిరిగింది గుర్తుందా? ఆ పిల్లాడు ఆ పళ్ళేల మధ్య కూర్చుని, మామగారండీ, నాకు కాస్త పెరుగన్నం చాలండి అని ఉంటే ఏమయ్యేది? సంబంధం నిలిచేదా? మా కేబుల్ కంపెనీ కూడా ఆ పెళ్లివారి లాంటిదే. మూడు వందల పైచిలుకు చానళ్లు వండి, ఒడియా వార్తలు, బెంగాలీ వంటలు, రుద్రాక్షలు అమ్మే చానల్, అర్ధరాత్రి బరువు తగ్గించే బెల్టు, అన్నీ విస్తట్లో పెట్టి నిలబడితే, నేను పోయి పెరుగన్నం అడిగాను. వంద రూపాయలు, ఆ మీద పన్నూ జరిమానా వేసి ఊరుకున్నారంటే పెద్దమనసే అనుకోవాలి.

కొందరు దీన్ని లింకు అంటున్నారు. లింకు అంటే మా రైతులకి వేరే చెప్పక్కర్లేదు. అదునులో ఎరువుల కొట్టుకెళ్లి యూరియా కట్ట అడిగితే, కట్ట 266 రూపాయల 50 పైసలే కానీ, దాంతో పాటు ఓ జింకు డబ్బానో గుళికల పొట్లమో తీసుకుంటేనే ఇస్తానంటాడు. అలా అంటగట్టకూడదని ప్రభుత్వం ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది, ఆయన ఎప్పటికప్పుడు వింటూనే ఉంటాడు. కానీ ఎరువుల కొట్టాయనకి కేబుల్ వాళ్లంత చదువు లేదు. డబ్బా వద్దంటే కట్ట లేదు పొమ్మంటాడు, అంతే. డబ్బా వద్దన్నందుకు కట్ట ధర పెంచొచ్చన్న ఆలోచన పాపం ఆయనకింకా రాలేదు. ఇది చదివి వస్తే మాత్రం రైతులు నన్ను క్షమించాలి.

అసలు వాళ్లకి మన ఇంట్లో ఆ సెట్‌టాప్ పెట్టె ఉండాలన్న ఆరాటం దేనికి? మనం చూస్తామని కాదు. చూసినా చూడకపోయినా పెట్టె యాక్టివ్‌గా ఉంటే లెక్కలో ఓ తలకాయ ఉన్నట్టు. కేబుల్, ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2017లో పెట్టిన నిబంధనల్లో క్యారేజీ ఫీజు అని ఒకటుంది, చానల్‌ని మోసుకెళ్లి జనం ఇళ్లలో దింపినందుకు చానల్ వాళ్లు కేబుల్ కంపెనీకి ఇచ్చే కిరాయి. మామూలు చానల్‌కి చందాదారుడికి నెలకి 20 పైసలు, హెచ్‌డీ అయితే 40 పైసలు దాటకూడదని అప్పట్లో అన్నారు. డబ్బులు కట్టి చూసే చానళ్లయితే వాటి ధరలో నూటికి కనీసం ఇరవై పంపిణీ వాటా వేరే. ఇరవై పైసలకి ఈ రోజుల్లో అగ్గిపుల్ల రాదు కానీ, పైసల్ని చానళ్లతోనూ, చానళ్లని ఇళ్లతోనూ గుణించుకుంటూ పోతే గుడ్డి దీపం కాదు, పెట్రోమాక్సే వెలుగుతుంది. ఎన్నికల సభకి బిర్యానీ పొట్లం ఇచ్చి లారీ ఎక్కించిన జనం ఉంటారు చూశారూ, మా ఇంటి పెట్టె కూడా ఆ బాపతే. ఉపన్యాసం వినక్కర్లేదు, జెండా పట్టుకుని కూర్చుంటే చాలు. నెలకి 118 రూపాయల బిర్యానీ. నేను లారీ ఎక్కనన్నాను, బిర్యానీ ఆపేశారు. ఇందులో అన్యాయం ఎక్కడుంది?

టీవీలో మనకి స్వేచ్ఛ లేదని కూడా అనకూడదు. 2019 ఫిబ్రవరి నుంచి మీకు నచ్చిన చానళ్లకే డబ్బు కట్టండి అని ట్రాయ్ చెప్పింది. అప్పుడు నేను కాగితం, పెన్సిలూ పట్టుకుని ఓ పూటంతా కూర్చున్నాను. చానల్ ఏదీ ఎంచుకోకముందే నెట్‌వర్క్ ఫీజు 130, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆ మీద ఒక్కో చానలూ విడిగా ఏరుకుంటే, అవే చానళ్లున్న గుత్తి కంటే ఎక్కువైంది. విడి అరటిపళ్లు కొంటే గెల కంటే ఖరీదైనట్టు. రావులపాలెం మార్కెట్లో ఎవరైనా ఇలా అమ్మితే నవ్వుతారు. చివరికి గుత్తే తీసుకున్నాను, అందరిలాగే. 2024 జులైలో ఆ 130 అన్న పరిమితినీ ఎత్తేశారు. ఇంటి నెట్ ధరకైతే పరిమితే లేదు, కంపెనీ ఇష్టం. స్వేచ్ఛ ఇద్దరికీ ఉంది, వాళ్లకి ధర పెట్టే స్వేచ్ఛ, మనకి కట్టే స్వేచ్ఛ.

ఇదంతా మన కాలవ గట్టు మీద పుట్టిన తెలివి అనుకుని గర్వపడబోకండి. అమెరికాలో ఎప్పుడో ఉంది. అక్కడ కామ్‌కాస్ట్ అనే పేద్ద కేబుల్ కంపెనీ ఎన్‌బీసీ యూనివర్సల్‌ని కలుపుకుంటానని వచ్చినప్పుడు, 2011 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సరే అంటూ కొన్ని షరతులు పెట్టింది. అందులో ఒకటేమిటంటే, టీవీతో ముడిపెట్టకుండా వట్టి నెట్ అమ్మాలి, 6 ఎంబీపీఎస్ నెలకి 49.95 డాలర్లు దాటకుండా, మూడేళ్ల పాటు. పెళ్లికి ఒప్పుకోవడానికి పెట్టుపోతల షరతు పెట్టినట్టు, వట్టి నెట్ అమ్మించడానికి ఒక ప్రభుత్వం కాగితం రాయించుకోవాల్సి వచ్చింది. వాళ్లూ అమ్మారు. కాకపోతే ఆ సరుకు ఉందని జనానికి సరిగ్గా తెలియనివ్వలేదని ఎఫ్‌సీసీ విచారణకి దిగింది. 2012లో కామ్‌కాస్ట్ 8 లక్షల డాలర్లు ఖజానాకి కట్టి, ఆ ప్లాన్‌ని ఇంకో ఏడాది పొడిగించడానికి ఒప్పుకుంది. సరుకు కొట్లోనే ఉంటుంది, బల్ల కింద ఉంటుంది, అడిగినవాడికి కూడా మెడ వంచి వెతికితేనే కనిపిస్తుంది. ఆ టెక్నిక్ మా కుర్రాడికి ఎవరు నేర్పారో తెలీదు కానీ, మా ఆఫీసు గోడ మీద ప్లాన్ల బోర్డులో కూడా వట్టి నెట్ ధర అట్టడుగున, సరిగ్గా నీళ్ల క్యాను పెట్టే చోట రాసి ఉంది.

సరే, నాకు పంతం. 943 కట్టి వట్టి నెట్టే తీసుకున్నాను. ఆ పాత టీవీని మా చెల్లెలు వాళ్లింటికి ఆటోలో పంపేశాను. పెట్టెని ఆఫీసులో ఇచ్చేశాను. మా అమ్మాయి ఇక్కడి నుంచే హైదరాబాద్ కంపెనీకి పని చేస్తుంది, దానికి కావాల్సింది నెట్టే.

మూడో వారంలో ఓ మధ్యాహ్నం గాలేసింది. పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి ఊడి, పక్కింటి వైరూ మా వైరూ రెండూ కలిపి తెంపుకుని కింద పడింది. మోడెం మీద ఎర్ర లైటు. మా అమ్మాయి మీటింగ్ మధ్యలో ఉందట, ల్యాప్‌టాప్ పట్టుకుని ఫోన్ సిగ్నల్ కోసం డాబా ఎక్కింది. నేను ఫోన్ చేశాను. "నెట్ ఒక్కటేనాండి, టీవీ కూడా పోయిందాండి?" అని అడిగారు. నెట్ ఒక్కటే అన్నాను. "కంప్లైంట్ రాసుకున్నామండి" అన్నారు. పక్కింటావిడ అదే నంబరుకి ఫోన్ చేసి, ఏడున్నరకి సీరియల్ ఉంది బాబూ అంది.

ఆరు గంటలకల్లా కుర్రాడు బండి మీద అతుకుల మిషను వేసుకుని దిగాడు. మా అరుగు మీదే కూర్చున్నాడు, అక్కడైతే ప్లగ్గు ఉందని. వైరు తొడుగు ఒలిచి, లోపల వెంట్రుక కంటే రవ్వంత లావుండే గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, కత్తెర మిషన్లో టిక్కున కోసి, రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెట్టాడు. చిన్న తెరలో రెండు కొసలూ దగ్గరికి జరిగి, ఓ మెరుపు మెరిసి అతుక్కుపోయాయి. ఎంత ముచ్చటగా ఉందో. అయిదు నిమిషాలు పట్టలేదు. అయిపోయాక సామాను సర్దుకుంటున్నాడు.

"మరి మాదిరా?"

"మీది నెట్టు లిస్టండి మాస్టారూ. అది వేరే కుర్రాడు చూస్తాడండి. ఎల్లుండి వస్తాడండి."

అతని ఎడమ చేతికి జానెడు దూరంలో వేలాడుతోంది మా వైరు. పట్టుకుంటే అందుతుంది. ఇందులో సాంకేతిక కారణం ఏదైనా ఉందేమోనని ఆ రాత్రి డాబా మీద కూర్చుని ఫోన్లో చదివాను. ఒకే పోగులో టీవీ 1550 నానోమీటర్ల వెలుగు మీద వస్తుందట, నెట్ 1490 మీద దిగుతుందట, మనం పైకి పంపేది 1310 మీద వెళ్తుందట. మూడూ ఒకదాన్నొకటి రాసుకోకుండా వెళ్తాయి. మరి ఆ అరవై నానోమీటర్ల తేడాకి రెండు రోజులు ఎందుకు పడుతుందో ఎక్కడా రాయలేదు. మా శివారు రైతుకి మాత్రం ఇది అర్థమవుతుంది. రెండో పంట దాళ్వాకి వంతుల వారీగా నీళ్లు వదిలినప్పుడు కాలవ ఒకటే, గోదారి ఒకటే, అయినా తూము దగ్గరోడి మడి తొణుకుతుంటే ఇతను గట్టు మీద తువ్వాలు పరుచుకుని పడుకోవాలి.

మూడో రోజు సాయంత్రం నెట్ వచ్చింది. నాలుగో రోజు పొద్దున్నే నేను ఆఫీసుకెళ్లి టీవీ కూడా ఇవ్వరా అన్నాను. కుర్రాడు ఎంత సంతోషించాడో చెప్పలేను, తప్పిపోయిన పిల్లాడు ఇంటికొచ్చినట్టు. గుట్టలోంచి మా పాత పెట్టెనే తీసి, దుమ్ము ఊది ఇచ్చాడు. దాన్ని తెచ్చి హాల్లో మాగాయ జాడీ మీద పెట్టాం. మా ఆవిడ దాని మీద ఓ కుట్టుగుడ్డ కప్పింది. నెలకి 118 కలిసొస్తోంది.

మొన్న మళ్లీ వాన, మళ్లీ మట్ట, మళ్లీ ఎర్ర లైటు. అనుభవం వచ్చింది కదా, ఫోన్ మా ఆవిడకిచ్చాను. "సీరియల్ రావట్లేదు నాన్నా, ఇవాళ ముఖ్యమైన భాగం" అంది గొంతు కాస్త వణికించి. అరగంటలో బండి చప్పుడైంది. కుర్రాడు తడుచుకుంటూ లోపలికొచ్చి, మోడెం చూశాడు, జాడీ మీద పెట్టెని చూశాడు, కుట్టుగుడ్డ ఎత్తి దాని వెనక్కి చూశాడు, హాలు నాలుగు గోడలూ ఒకసారి కలియజూశాడు.

"టీవీ ఏదండీ మాస్టారూ?"

"ముందు ఆ వైరు అతుకు నాయనా. అవతల సీరియల్ టైమైపోతోంది."