సర్టిఫికెట్ ఉంది, సరస్సు ఉంది, విమానం మాత్రం అడగొద్దు

నా పైలట్ సర్టిఫికెట్‌లో ఇన్నాళ్లూ 'ల్యాండ్' ఒక్కటే ఉండేది. ఇప్పుడు దానికి 'సీ' కూడా తోడైంది. అంటే నేను నేల మీదే కాదు, నీళ్ల మీద కూడా విమానం దించగలనని అమెరికా ప్రభుత్వం నమ్మింది. ఏడాదిగా సీప్లేన్ అద్దెకు అడుగుతూ ఫోన్లు చేస్తున్న నాకు మాత్రం ఆ 'సీ' చదివినప్పుడల్లా 'ఛీ' అనే వినిపిస్తోంది.

ఈ 'సీ' రేటింగ్, అంటే సీప్లేన్ నడిపే అర్హత, తెచ్చుకోవడం ఎంత తేలికో ముందు చెప్పాలి, లేకపోతే నా ఏడుపు అర్థం కాదు. ప్రైవేట్ పైలట్ అయి ఉంటే చాలు, రాత పరీక్ష లేదు. ఇన్ని గంటలు ఎగరాలన్న లెక్క కూడా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టలేదు. ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెడితే ఎగ్జామినర్ వచ్చి చూస్తాడు. నాకు రెండు రోజులు, ఏడు గంటలు పట్టింది. పైగా చెక్‌రైడ్ అనే ఈ ఎగిరి చూపించే పరీక్ష పాసైతే రెండేళ్లకోసారి చేయాల్సిన ఫ్లైట్ రివ్యూ కూడా అయిపోయినట్టే. పుణ్యం, పురుషార్థం రెండూ. చివర్లో నాకు నేర్పినవాళ్లు తమ సీప్లేన్ బేస్ పేరున్న టోపీ ఒకటి తెచ్చి స్వయంగా నా తలకు పెట్టారు. తెలుగువాణ్ణి అయి ఉండి కూడా ఆ క్షణంలో నాకు అనుమానం రాలేదు.

ఆ రెండు రోజులూ బాగుండలేదని అనను. పొద్దున్నే ఫ్లోట్ మీద, అంటే విమానాన్ని నీళ్ల మీద తేల్చే పడవలాంటి బోలు కాలి మీద, వంగి, చిన్న రబ్బరు మూత లాగి, చేతిపంపు పెట్టి నీళ్లు తోడాలి. ఒక్కో ఫ్లోట్‌లో కనీసం నాలుగు గదులుంటాయి, అన్నీ తోడాల్సిందే. మూడు గుక్కల్లో ఖాళీ అయితే ఫర్వాలేదు, ముప్పై దాటితే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. సీప్లేన్‌కు నీళ్ల మీద బ్రేకులుండవు. ఇంజన్ స్టార్ట్ అయ్యిందంటే బయల్దేరినట్టే. గాలి వీస్తే, ఇంటి కప్పు మీద గాలి దిక్కు చూపే కోడి బొమ్మలా దానంతటదే గాలికెదురు తిరుగుతుంది. ఒక్కోసారి ఇంజన్ ఆపేసి, రెక్కల్ని తెరచాపల్లా వాడుకుంటూ వెనక్కి వెనక్కి జరిగి డాక్ చేరాలి. నడిపేది విమానమో పడవో మొండి గాడిదో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే ఉంది మజా అంతా.

సరే, రేటింగ్ వచ్చింది. నెల తర్వాత ఒక ఆదివారం ఒక గంట ఎగరాలనిపించి ఫోన్ చేశాను.

"హలో, మీ దగ్గర సీప్లేన్ అద్దెకు దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదు సార్! మా ఇన్‌స్ట్రక్టర్ కూడా వస్తారు."

"ఇన్‌స్ట్రక్టర్ వద్దండీ. నాకు రేటింగ్ ఉంది."

"కంగ్రాచ్యులేషన్స్ సార్! ఎక్కడ తీసుకున్నారు?"

"మీ దగ్గరే."

కాసేపు అటునుంచి మాట లేదు. "అయితే మా ట్రైనింగ్ ఎంత బాగుంటుందో మీకు తెలుసు కదా సార్. ఇన్‌స్ట్రక్టర్‌ని ఎన్నింటికి పంపమంటారు?"

"ఒక్కణ్ణే వెళ్తానండీ."

"దానికి మా ఇన్సూరెన్స్ ఒప్పుకోదు సార్. సీప్లేన్‌లో వంద గంటలుండాలి."

"నాకు ఏడున్నాయి."

"మిగతా తొంభై మూడు చేసుకుని రండి సార్."

"అవెక్కడ చేయాలి?"

"సీప్లేన్‌లో సార్."

"సీప్లేన్ ఎవరిస్తారు?"

"కొనుక్కోవచ్చు కదా సార్."

"కొంటే నాకు ఇన్సూరెన్స్ ఇస్తారా?"

"గంటలు అడుగుతారు సార్."

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఈ సామెత కట్టినవాడు ఏ చెరువు గట్టున కూర్చుని ఎవరికోసం ఎదురుచూశాడో గానీ, వాడికీ ఎవరో టోపీ పెట్టే ఉంటారు.

1910 మార్చి 28న ఫ్రాన్స్‌లో ఆన్రీ ఫాబ్ర్ అనే ఇంజనీరు ఇంజన్ ఉన్న విమానాన్ని మొట్టమొదటిసారి నీటి మీంచి లేపాడు. అంతకుముందు ఆయన ఏ విమానమూ నడిపినవాడు కాదు. ఆయనే ఇవాళ ఫోన్ చేసి ఉంటే? "మొత్తం గంటలెన్ని సార్? సున్నానా? మీ విమానమే అయినా మా ఇన్‌స్ట్రక్టర్ వెనక కూర్చుంటారు సార్."

ఇన్సూరెన్స్ వాళ్ల బాధ నాకు తెలియక కాదు. చక్రాలు కూడా ఉన్న యాంఫీబియన్‌లో, అవి పైకి లాగడం మరిచిపోయి నీళ్లలో దిగితే విమానం పల్టీ కొడుతుంది. ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. డాక్‌కు తగిలితే ఫ్లోట్ సొట్ట పోతుంది. ఒక్కణ్ణే పంపేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు కూడా, వాళ్ల షరతులు చదివి తట్టుకునే గుండె ఉంటే. సీప్లేన్ల రద్దీలో ప్రపంచంలోనే ముందుండే లేక్ హుడ్‌లో, అలాస్కాలోని ఆంకరేజ్‌లో, ఒడ్డు పొడవునా విమానాలు పశువుల్లా కట్టేసి ఉంటాయి. అవి సొంతదార్ల సంగతి. మనం అద్దెవాళ్లం.

కానీ అద్దంలా నిలిచిన నీటి మీద దిగడం సంగతేమిటి? పైనుంచి చూస్తే నీరు ఎక్కడుందో కంటికి అందదు. యాభై అడుగులున్నాయా, అయిదా, తెలియదు. ఒడ్డును కంటికి ఆనవాలుగా పెట్టుకుని, విమానం ముక్కు కాస్త పైకి పెట్టి, నిమిషానికి నూట యాభై అడుగుల చొప్పున దిగుతూ, ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఆ ఏమీ చేయకపోవడమే నరకం. చేతులు కంట్రోల్ కర్రను లాగెయ్యమంటాయి. లాగితే గాల్లోనే వేగం చచ్చి పడతావు. ఇది పుస్తకంలో గుర్తుండే విద్యా? ఆర్నెల్లు వదిలేస్తే చెయ్యి మరిచిపోతుంది. రేటింగ్‌కేమో గడువు లేదు, చచ్చేదాకా చెల్లుతుంది. ఏ అయిదేళ్లకో స్నేహితుడి విమానం దొరికితే, ఒక్కడే మూడుసార్లు లేచి మూడుసార్లు దిగి, పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకున్నా చట్టం అడ్డు చెప్పదు. అనుభవం లేనివాడు ప్రమాదమని తాళం వేసింది మీరే. వాణ్ణి అలా అనుభవం లేకుండా ఉంచిందీ మీరే. వారం వారం ఒక గంట, మీ కళ్లెదుటే, మీ సరస్సులోనే, గాలి లేని పూట ఎగరనిస్తే మీ సొమ్మేం పోయింది? డబ్బులు తీసుకున్నారు, చెయ్యి కలిపారు, ఫొటో తీశారు. ఆ ఫొటోలో నవ్వుతున్న వెధవ ఇక ఎప్పుడూ ఒంటరిగా ఎగరడని ఆ రోజే మీకు తెలుసు. తెలిసీ నవ్వమన్నారు!

మొన్న ఆదివారం అదే సరస్సుకు వెళ్లి పెడల్ బోటు అద్దెకు తీసుకున్నాను. ఎన్ని గంటలు తొక్కావని ఎవరూ అడగలేదు. ఒక సంతకం, ఒక లైఫ్ జాకెట్. తొక్కుకుంటూ మధ్యదాకా పోయేసరికి నేను నేర్చుకున్న విమానమే ఎవరో కొత్త స్టూడెంట్‌తో దిగి, డాక్ వైపు నెమ్మదిగా వస్తోంది. వెనక ఇన్‌స్ట్రక్టర్. నన్ను గుర్తుపట్టినట్టున్నాడు, పక్కకు జరగమని చెయ్యి ఊపాడు.

నీటి మీద ఉన్నంతసేపు సీప్లేనే మిగతా పడవలన్నిటికీ దూరంగా తప్పుకోవాలి. ఆ నియమం నాకు నేర్పింది ఆయనే. నేను తొక్కడం ఆపి, టోపీ సర్దుకుని కూర్చున్నాను.