పీపా లెక్కలను వెక్కిరించకండి

ఇంగ్లండు పాత కొలతల పట్టిక ఎవరు పెట్టినా కింద ఒకటే మాట: "ఇవేం పిచ్చి లెక్కలు!" చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒక్కసారి ఆ బీరు పీపాల వరుస చూడండి. పిన్ అంటే నాలుగున్నర గ్యాలన్లు (ఇంగ్లండు గ్యాలన్ ఇప్పటి లెక్కలో సుమారు నాలుగున్నర లీటర్లు). రెండు పిన్నులు ఒక ఫిర్కిన్, 9 గ్యాలన్లు. రెండు ఫిర్కిన్లు ఒక కిల్డర్కిన్. రెండు కిల్డర్కిన్లు ఒక బ్యారెల్, 36 గ్యాలన్లు. ఇందులో పిచ్చి ఎక్కడుంది? రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మన నాయనమ్మలు కొలిచిందీ ఇలాగే కదా! కళ్లతో చూసి పదో వంతు తీయడం కష్టం. సగం చేయడం ఎవరికైనా వస్తుంది. ఫిర్కిన్ అనే మాటే డచ్చి భాషలో 'నాలుగో వంతు' అనే మాట నుంచి వచ్చింది.

ఆ పీపా ఆకారం కూడా అంతే. నడుము ఉబ్బుగా ఉంటుంది కాబట్టి నేలకు ఆనేది కొంచెమే. అందుకే 160 లీటర్లకు పైగా పట్టే నిండు బ్యారెల్‌ను కూడా మనిషి దొర్లించుకుంటూ, కావలసిన వైపు తిప్పుకోగలడు. ఇది తెలివి కాదా?

అసలు తప్పు వేరే చోట ఉంది. గ్యాలనే ఒకటి కాదు. వైన్ గ్యాలన్ 231 ఘనపు అంగుళాలు, ఏల్ (ఒక రకం బీరు) గ్యాలన్ 282. పేరు ఒకటే, సరుకును బట్టి కొలత మారేది. కొనేవాడికి అది అన్యాయమే. 1824 చట్టం 10 పౌండ్ల నీళ్లు పట్టే ఇంపీరియల్ గ్యాలన్‌ను ఒక్కదాన్నే ఉంచింది. అప్పటికే విడిపోయిన అమెరికా మాత్రం పాత వైన్ గ్యాలన్‌నే వాడుకుంది. పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా మనం వార్తల్లో వినే ముడిచమురు బ్యారెల్ అలాంటి గ్యాలన్లు 42, అంటే 159 లీటర్లు. పాత వైన్ కొలతల్లో 42 గ్యాలన్ల పీపాను టియర్స్ అనేవారు.

అనువాదాలు చేసేవాళ్లకు నాదొక విన్నపం. 41 లీటర్ల ఫిర్కిన్‌నూ, 490 లీటర్ల బీరు బట్‌నూ ఒకే 'పీపా' చేయకండి. ఆ పీపా అనే మాట కూడా పోర్చుగీసు 'పిపా' నుంచి మనకు వచ్చిందే. ఇంగ్లండులో దాని చుట్టమైన 'పైప్' అంటే వైన్‌కు 126 గ్యాలన్లు. అసలు పేరు ఉంచి, పక్కన లీటర్లు రాయండి. చదివేవాడికి ఆ పీపా ఎంత పెద్దదో తెలియాలి.