జ్వరానికి అజిత్రోమైసిన్: ఆ మెసేజ్‌ను నమ్మి మాత్ర మింగకండి

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "జలుబు, జ్వరం వస్తే డాక్టరు దాకా పోనక్కర్లేదు. అజిత్రోమైసిన్ 500 రోజుకొకటి వేసుకోండి. జ్వరం దిగగానే ఆపేయండి, లేకుంటే ఒళ్లు మందుకు అలవాటు పడుతుంది. రెండు రోజుల్లో దిగకపోతే సెఫిక్సిమ్‌కు మారండి. ఆవుకు వేసిన మందు పాలలో ఉంటుందని భయం వద్దు, కాచితే పోతుంది."

అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండూ బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ మందులు. మెసేజ్‌లోని ఒక్కో మాటా చూద్దాం.

"ఒళ్లు అలవాటు పడుతుంది." మందుకు లొంగకుండా పోయేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా అన్నీ కుదిరితే 20 నిమిషాలకు రెండింతలవుతుంది. అలా పెరిగిన కోట్లలో ఏవో కొన్ని మాత్రం మందును తట్టుకునేలా మారతాయి. కొన్ని మందును విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేస్తాయి, కొన్ని లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి, కొన్ని మందు అతుక్కునే చోటునే మార్చేసుకుంటాయి. మందు పడ్డాక మిగతావి చస్తాయి, వీటికి జాగా దొరుకుతుంది. పైగా ఆ జన్యువులను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో పెట్టి వేరే జాతి బ్యాక్టీరియాకూ అందిస్తాయి. యాంటీబయాటిక్ ఎన్నడూ ముట్టని మనిషికి కూడా ఇలా మందుకు లొంగని మొండి బ్యాక్టీరియా సోకేది అందుకే.

"జలుబుకు అజిత్రోమైసిన్." జలుబు, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద ఈ మాత్ర పనిచేయదు. జలుబు దానంతటదే తగ్గితే పేరు మాత్రకొస్తుంది, అంతే. కానీ పేగుల్లోని బ్యాక్టీరియాకు మాత్రం దెబ్బ తగులుతుంది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది. ఆఖరి మాత్ర తర్వాత కూడా చాలా రోజులు చాలీచాలని మోతాదులో మిగిలి ఉంటుంది. మొండివి బలపడటానికి అదే అదను.

"దిగగానే ఆపేయండి." ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి ఉంటుంది, థర్మామీటరును బట్టి కాదు. అలాగని ఎక్కువ రోజులు వాడితే మంచిదనీ కాదు. కొన్ని ఇన్‌ఫెక్షన్లకు ఇప్పుడు డాక్టర్లే తక్కువ రోజులు రాస్తున్నారు. చీటీలో ఉన్నన్ని రోజులు వాడాలి, మనంతట మనం కుదించకూడదు, పొడిగించకూడదు.

"రెండు రోజుల్లో మారండి." అన్నిటికన్నా ప్రమాదం ఇదే. టైఫాయిడ్‌లో సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రెండో రోజే మార్చేస్తే పనిచేస్తున్న మందును వదులుకున్నట్టే. క్రిమి ఏ మందుకు లొంగుతుందో తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే పరీక్ష. మొదటి మాత్ర పడకముందే రక్తం తీయాలి, పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. రిపోర్టుకు సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ముందే మాత్ర మింగి వెళితే క్రిమి ఉన్నా సీసాలో పెరగకపోవచ్చు. ఇక డాక్టరు ఊహించి రాయాల్సిందే.

సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద గట్టి నిబంధనలున్న జాబితాలోది. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

"పాలు కాచితే పోతుంది." కాచితే క్రిములు చస్తాయి. మందు అవశేషాలు చాలావరకు అలాగే ఉంటాయి. పాలు తోడుకోకపోవడానికి ఒక్కోసారి ఇదీ కారణమే: మిగిలిన మందు తోడులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. పొదుగువాపుకు ఒక్క చన్నులోకే ట్యూబు మందు ఎక్కించినా, అది రక్తంలో కలిసి మిగతా మూడింటిలోకీ వస్తుంది. లేబులు మీద రాసినన్ని రోజులు నాలుగు చన్నుల పాలూ పాల కేంద్రానికి పోయకూడదు. పారబోయడానికి మనసొప్పక దూడకు తాపితే, దాని పేగుల్లో మొండి బ్యాక్టీరియా తయారై పేడతో దొడ్డంతా పాకుతుంది.