కౌనాస్ దాటితే బండి మారాల్సిందే: నాటో నిజంగా రెడీగా ఉందా?

మా పర్లాకిమిడిలో యాభై దాటిన వాళ్లెవర్ని కదిపినా చిన్న రైలు గురించి చెప్తారు. 1900లో రాజావారి టైంలో నౌపడ నుంచి వేసిన, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉన్న లైను, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. నౌపడలో మాత్రం పెద్ద లైను, ఐదున్నర అడుగుల బ్రాడ్ గేజ్. మా నాన్నగారిది చింతపండు వ్యాపారం, చిన్నప్పుడు ఆయనతో రెండు మూడు సార్లు నౌపడ వెళ్లాను, చిన్న వేగన్‌లోంచి బస్తాలు దింపి కళాసీలు వీపు మీద మోసుకెళ్లి పెద్ద వేగన్‌లో పడేసేవారు, ఒకే బస్తాకి రెండు సార్లు కూలి, వానొస్తే టార్పాలిన్ కప్పుకుని సరుకు పక్కనే కాపలా కూర్చోవాలి. 2004లో ఆ లైను ఆపేసి 2011లో బ్రాడ్ గేజ్ చేశారు, అప్పట్నుంచి ఆ బాధ లేదు.

ఈమధ్య అమెరికా, కెనడా, యూరప్ దేశాల మిలిటరీ కూటమి నాటో గురించి చదివినప్పుడల్లా నాకు ఆ నౌపడ ప్లాట్‌ఫామే గుర్తొస్తోంది.

మన టీవీ డిబేట్లలో నాటో అంటే ట్రంప్ ఉంటాడా పోతాడా అనే ఒక్క ప్రశ్నే నడుస్తుంది. అది చిన్న ప్రశ్న అని అనను. సొంత కూటమిలోని డెన్మార్క్ చేతిలో ఉన్న గ్రీన్‌లాండ్ మాకు కావాలని అమెరికా ప్రెసిడెంటే అంటే మిగతావాళ్లకి నిద్ర ఎలా పడుతుంది. ఒకరి మీద దాడి అందరి మీద దాడే అని చెప్పే ఆర్టికల్ 5 కూడా పూర్తిగా చదివితే, ఏ దేశం తనకి ఏది అవసరం అనిపిస్తే ఆ సాయం చేస్తుంది అని ఉంటుంది, సైన్యాన్నే పంపాలని రాసి లేదు. 1949 నుంచి ఇప్పటిదాకా దాన్ని వాడింది ఒక్కసారే, 2001లో అమెరికా మీద దాడులు జరిగినప్పుడు. అంటే అదంతా నమ్మకం మీద నడిచే ఒప్పందం. ఆ నమ్మకం ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఒకవైపు పెరిగింది కూడా, దశాబ్దాలుగా ఏ మిలిటరీ కూటమిలోనూ చేరని ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో వచ్చి చేరాయి, ఇప్పుడు మొత్తం 32 దేశాలు.

కానీ మనసులు కలిసినంత మాత్రాన ట్యాంకులు కదలవు కదా. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా మూడూ రష్యా పక్కన ఉన్న చిన్న దేశాలు, అక్కడి పట్టాలు పాత రష్యన్ గేజ్, 1,520 మిల్లీమీటర్లు. పోలండ్ నుంచి అటు యూరప్‌లో చాలావరకు 1,435. తేడా 85 మిల్లీమీటర్లు, మూడంగుళాల పైచిలుకు, అరచేయంత కూడా లేదు. లిథువేనియాలో కౌనాస్ దాకా యూరప్ గేజ్ వచ్చింది, అక్కణ్ణుంచి లాత్వియా, ఎస్టోనియా వైపు వెళ్లాలంటే సరుకు దింపి మళ్లీ ఎక్కించాలి. మా నాన్నగారి బస్తా అయితే కళాసీ మోశాడు, అరవై టన్నుల ట్యాంకుని ఎవరు మోస్తారు?

రోడ్డు మీద తీసుకెళ్దామంటే అదీ అంతే. యూరోపియన్ యూనియన్ ఆడిటర్లు 2025 మొదట్లో ఇచ్చిన రిపోర్టు చదివితే నాకు నిజంగా భయమేసింది, ఒక దేశం తన బోర్డర్‌ని వేరే దేశం సైన్యం దాటాలంటే 45 రోజుల ముందు చెప్పాలంటుందట, ఇంకోచోట ట్యాంకులు రోడ్ల మీద బరువు లిమిట్ దాటుతున్నాయని పక్క దేశం వాటిని తన మీదుగా వెళ్లనివ్వలేదు. ఒడిశా ఆంధ్ర చెక్‌పోస్టుల మధ్య లారీ పర్మిట్ కోసం పడిగాపులు పడ్డవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2025 నవంబర్‌లో యూరోపియన్ కమిషన్ పర్మిషన్ మూడు రోజుల్లో, ఎమర్జెన్సీ అయితే ఆరు గంటల్లో ఇచ్చేలా రూల్ ప్రతిపాదించింది, ఉక్రెయిన్ యుద్ధం మొదలై మూడున్నరేళ్లు దాటాక.

అందుకే నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో జరిగిన నాటో మీటింగ్‌లో ఒప్పుకున్న 5 శాతం లెక్క నేను వేరేలా చూస్తాను. 2014లో జీడీపీలో 2 శాతం డిఫెన్స్ మీద ఖర్చు పెడదాం అనుకున్నప్పుడు పెడుతున్నవి మూడే దేశాలు. 2025 జూన్‌లో ఏకంగా 2035 కల్లా 5 శాతం అన్నారు, అందులో 3.5 నేరుగా సైన్యానికి, 1.5 రోడ్లు, బ్రిడ్జిలు, రైళ్లు, సైబర్ లాంటివాటికి. చాలామంది ఆ ఒకటిన్నరని లెక్కల గారడీ అంటున్నారు, ఇటలీ సిసిలీకి కట్టాలనుకుంటున్న సముద్రపు బ్రిడ్జిని కూడా డిఫెన్స్ ఖర్చులో చూపిద్దాం అనుకుందంటే ఆ అనుమానం తప్పని చెప్పలేం. అయినా నా ఉద్దేశంలో ఆ ఒకటిన్నరే అసలైన డబ్బు, సరైన చోట పెడితే. కొత్త ఫైటర్ జెట్ కొంటే ఫొటో వస్తుంది, పాత కల్వర్టుని ట్యాంకు బరువుకి తగ్గట్టు కడితే ఎవరూ రిబ్బన్ కట్ చెయ్యరు, కానీ యుద్ధం వచ్చిన రోజు పనికొచ్చేది ఆ కల్వర్టే.

ఇక గుండ్ల సంగతి. 10 లక్షల ఆర్టిలరీ గుండ్లు 2024 మార్చికల్లా ఉక్రెయిన్‌కి ఇస్తామని యూరప్ మాటిచ్చి గడువుకి సగం దగ్గరే ఆగిపోయింది. పేరుకి అందరి గుండు వ్యాసం 155 మిల్లీమీటర్లే, కానీ ఒక కంపెనీ గుండు ఇంకో కంపెనీ గన్‌లో అన్నిసార్లూ సరిగ్గా కుదరదు. ఇదీ గేజ్ సమస్యే.

మారిన ముప్పు అంటే ఏంటో 2025 సెప్టెంబర్‌లో పోలండ్‌లో కనబడింది. ఒక్క రాత్రిలో ఇరవై దాకా రష్యా డ్రోన్లు లోపలికొచ్చాయి, చాలావరకు ఫోమ్, ప్లైవుడ్‌తో చేసిన చవక రకం. పోలండ్ ఎఫ్-16లతో పాటు నెదర్లాండ్స్ ఎఫ్-35లు లేచాయి, ఇటలీ నిఘా విమానం గాల్లో ఉంది, కింద జర్మనీ పేట్రియాట్ మిస్సైల్ సిస్టమ్ అలర్ట్‌లో ఉంది. ఐకమత్యం అంటే అదే, నాకు చాలా గొప్పగా అనిపించింది. కానీ కొన్ని లక్షల రూపాయల డ్రోన్ మీద కోట్ల రూపాయల మిస్సైల్ ఎన్ని రాత్రులు వేస్తారు?

మా వీధిలో ఎయిర్ డిఫెన్స్‌లో చేసి రిటైరైన హవల్దారు బాబాయ్ ఉన్నారు, గోపాల్‌పూర్‌లోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీలో ట్రైనింగ్ అయినవారు. ఈ వార్త చూపిస్తే, "ఏటి బాబూ, పిట్టని కొట్టడానికి ఫిరంగెందుకు, గన్నుండాల" అన్నారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు పాకిస్తాన్ వందల డ్రోన్లు పంపితే మనవాళ్లు 1960ల నాటి ఎల్-70 గన్నుల్ని కొత్త రాడార్లకి, కెమెరాలకి కలిపి చాలావాటిని కూల్చారు. ఖరీదైనది ఒక్కటే ఉంటే చాలదు, చవకది, మధ్యరకంది, పాతది అన్నీ ఒకే వైర్‌కి కలవాలి. 32 దేశాల మధ్య ఆ వైర్ కలపడం ఒక్క సైన్యంలో కలపడం కంటే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

జర్మనీ లిథువేనియాలో పెడుతున్న బ్రిగేడ్ 2027 కల్లా దాదాపు 5,000 మందితో ఫుల్ అవ్వాలి. ఆ దేశం వరకు పర్లేదు, కౌనాస్ దాకా పట్టాలున్నాయి. లాత్వియాలో కెనడా, ఎస్టోనియాలో బ్రిటన్ ముందుండి నడిపే దళాలున్నాయి, వాళ్లకి రైల్లో సామాను చేరాలంటే ఎస్టోనియా రాజధాని టాలిన్ దాకా యూరప్ గేజ్‌తో వేస్తున్న 870 కిలోమీటర్ల కొత్త లైను, రైల్ బాల్టికా పూర్తవ్వాలి. టార్గెట్ 2030. అప్పటిదాకా కౌనాస్‌లో దింపడం, మళ్లీ ఎక్కించడం, వానొస్తే టార్పాలిన్ కప్పడం.