కిలో లేమి 180 డాలర్లు

సంతలో కొసరు కోసం పట్టుబట్టే జాతి మనది. కిలో వంకాయలు కొన్నాక రెండు పచ్చిమిరపకాయలు పైన పడకపోతే అది బేరమే కాదు. ఈ సంస్కారంతో స్పోర్ట్స్ కార్ల అర్థశాస్త్రం జోలికి వెళ్లకూడదు. అక్కడ కొనేవాడు కొసరు అడగడు, కోత అడుగుతాడు. ఎంత కోస్తే అంత ఎక్కువిస్తాడు.

ఉత్తమాట కాదు, లెక్కే చూడండి. 2016లో పోర్షే కంపెనీ 911 జీటీ3 ఆర్‌ఎస్ కారు అమెరికాలో 1,75,900 డాలర్లు. ఆ ఏడు మార్చిలోనే జెనీవా ప్రదర్శనలో 911 ఆర్ అని ఇంకోటి దించారు. ఇంజిన్ అదే నాలుగు లీటర్లది, గుర్రాలు (హార్స్‌పవర్) అవే 500. కాకపోతే ఆర్‌ఎస్‌కున్న పెద్ద వెనక రెక్క దీనికి లేదు. వెనక సీటు లేదు. ఏసీ, రేడియో లేవు (అడిగితే ఊరికే పెడతారు, అడగడానికే మొహం చెల్లదు). తలుపు తీయాలంటే గుడ్డ పట్టీ లాగాలి. గేర్లు మీరే మార్చుకోవాలి. బరువు 50 కిలోలు తక్కువ, ధర 9,000 డాలర్లు ఎక్కువ. వెరసి, కిలో లేమి 180 డాలర్లు. లేమికి ఇంత ధర పలుకుతుందని మన ఊళ్లలో తరతరాలుగా దాన్ని దాచుకున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు పాపం.

కంపెనీని ఆడిపోసుకోకండి, వాళ్ల బాధలు వాళ్లవి. కొత్త కారంటే రేకులు నొక్కే డైలు, గోడకు గుద్ది చూసే పరీక్షలు, పొగ పరీక్షలు. ఈ ఖర్చు 500 కార్లకైనా 5 లక్షల కార్లకైనా ఇంచుమించు ఒకటే. పంచుకునే తలలు తగ్గితే తలకు పడే భారం పెరుగుతుంది. టయోటావాళ్లు నిజాయితీకి పోయి లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏను సొంత వీ10 ఇంజిన్‌తో, కార్బన్ దారం నేసే ప్రత్యేక మగ్గం పెట్టి మరీ, 500 కార్లు కట్టారు. ఒక్కోటి 3,75,000 డాలర్లకు అమ్మినా గిట్టలేదనే లోకం మాట. తెలిసినవాడు మగ్గం దాకా వెళ్లడు. ఉన్న అన్నానికే పోపు పెట్టి పులిహోర అంటాడు. పైగా 991 ఆకులే (911 ఆర్‌లు 991 మాత్రమే) వడ్డిస్తామంటాడు. 991 ఎందుకంటే, ఆ తరం 911కి కంపెనీలో పెట్టుకున్న నంబరు అది. ఇంతకన్నా శాస్త్రీయమైన ఉత్పత్తి ప్రణాళికను నేను చూడలేదు.

ఈ విద్య 1972 నాటిది. రేసులో దిగాలంటే ఇన్ని కార్లు కట్టాలన్న నిబంధన కోసం పోర్షే 500 కారెరా ఆర్‌ఎస్‌లు (ఇవీ 911లే) కట్టాలి. ఆ 500 ఎవరు కొంటారని అమ్మకాలవాళ్లే దిగులుపడ్డారు. చివరికి 1,580 అమ్ముడుపోయాయి. అందులో 1,308 మంది, బరువు తగ్గించడానికి పీకేసిన సౌకర్యాలను మళ్లీ పెట్టించుకోవడానికి 2,500 జర్మన్ మార్కులు అదనంగా కట్టారు.

ఫెరారీవాళ్లు ఈ పీకే శ్రమ కూడా పడరు. అడిగేవాళ్లకంటే ఒక్క కారు తక్కువ కట్టాలన్నది పెద్దాయన ఎంజో ఫెరారీ మాటగా చెబుతారు. అందుకే లాఫెరారీ అనే కారు 499 దగ్గర ఆగింది. తర్వాత ఇటలీలో భూకంపం వస్తే సాయానికని ఇంకొకటి కట్టారు. వేలంలో 70 లక్షల డాలర్లొచ్చాయి. ధర్మానికైతే ఆ లేని ఒక్కటి దొరుకుతుందన్నమాట.

మళ్లీ మన 911 ఆర్‌కి వద్దాం. కొన్నవాళ్లు కొన్నట్టే పది లక్షల డాలర్ల దాకా చెప్పి అమ్మకానికి పెట్టారు. కంపెనీకి కడుపు మండినట్టుంది. 2017లో మామూలు జీటీ3కీ మాన్యువల్ గేర్లిచ్చింది. కొన్నాళ్లకు టూరింగ్ ప్యాకేజీ పేరుతో, రెక్క కావాలంటే తీసేస్తాం, అదనంగా ఒక్క డాలరూ వద్దంది. ఉచితంగా లేమి! ఆర్‌ల ధరలు జారాయి.

2023లో 911 ఎస్/టీ వచ్చేసరికి కంపెనీ ముదిరింది. 911 పుట్టిన సంవత్సరాన్ని బట్టి 1,963 కార్లు, ఒక్కోటి సుమారు 2,90,000 డాలర్లు. అమెరికాలో మాత్రం మొదటి ఏడాది లీజుకే ఇస్తామన్నారు, వెంటనే ఎవరికీ అమ్ముకోకుండా. అంటే పిల్ల కాపురానికొస్తుంది, కాగితాలు పుట్టింట్లోనే ఉంటాయి. ఏడాదిపాటు అల్లుడు బుద్ధిగా ఉన్నాడని తేలితే, అప్పుడు మిగతా డబ్బు కట్టనిస్తారు.